ఎండిన కాలవలో పడవ

అది 1974. బెజవాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. ఫిజియోథెరపీ విభాగం అని తలుపు మీద రాసి ఉండేది గానీ, పెద్దగా ఊహించుకోకండి. పాత స్టోరు రూముకి సున్నం కొట్టించి, ఒక బల్ల, గోడకు రెండు పుల్లీలు, కదలని సైకిలు ఒకటి, మధ్యలో ఒక ఆకుపచ్చ తెర ఇచ్చారు. మందు ఇవ్వను, సూది వెయ్యను, నాడి చూడను. అందుకని నన్నేమని పిలవాలో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి "కసరత్తు డాక్టరమ్మ" అని స్థిరపడింది. మా పెద్దమ్మ అయితే పెళ్లిచూపులకొచ్చినవాళ్లతో "మా పిల్ల ఆసుపత్రిలో కాళ్లూ చేతులూ పట్టుద్దండీ" అని చెప్పి, నిక్షేపంలాంటి సంబంధం ఒకటి పోగొట్టింది.

ఎముకలు విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, పోలియో పిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. క్యాన్సర్ రోగుల్ని మాత్రం పంపేవారు కాదు. ఆ జబ్బు పేరే ఎవరూ పైకి అనేవారు కాదు, రాచపుండు అని గుసగుసగా అనేవారు. ఆపరేషన్ చేశాక మనిషి బతికితే చాలు, చెయ్యి లేస్తుందా కాలు లేస్తుందా అని అడగడం ఏదో అత్యాశ అన్నట్టు ఉండేది. కొత్తగా వచ్చిన సర్జన్ గారికి ఆ పట్టింపు లేదు. ఆయన పంపిన మొదటి మనిషి మార్తమ్మ.

వరి కోతలు అయిపోయి, పొలాల్లో పెసలూ మినుములూ పీకుతున్న రోజులవి. మార్తమ్మది ఉయ్యూరు దాటాక బస్సు దిగి, కాలవ గట్టు వెంట చాలా దూరం నడిస్తే వచ్చే చిన్న పల్లె. నలభై ఏళ్లుంటాయి. ఎడమ రొమ్ములో గడ్డ వస్తే రాడికల్ మాస్టెక్టమీ చేశారు. అంటే రొమ్ముతోపాటు దాని అడుగున కండరాన్నీ, చంకలో గ్రంథుల్నీ కూడా తీసేసే పెద్ద ఆపరేషను. అప్పట్లో అదే పద్ధతి. గాయం మానేటప్పుడు చర్మం పక్కటెముకల మీద బిగిసిపోతుంది, భుజం కీలు పట్టేస్తుంది, చెయ్యి నీరు పట్టి వాస్తుంది. మొదట్లోనే కదిలించకపోతే ఆ చెయ్యి ఒంటికి అతుక్కున్నట్టు ఉండిపోతుంది.

ఆమె రాలేదు, ఆమెను తీసుకొచ్చారు అనాలి. భర్త యేసోబు ఆమె ఎడమచేతిని తువ్వాలుతో ఒంటికి కట్టేసి, మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, నిండుకుండ మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికొచ్చాడు. బక్కపల్చని మనిషి, ఉబ్బసం. మాట మాటకీ ఆయాసపడేవాడు.

"ఈ కట్టేంటి యేసోబూ?"

"కుట్లు ఊడతాయేమోనని కట్టానమ్మా."

"కుట్లు విప్పేసి ఎన్నాళ్లో అయింది గదయ్యా!"

"పైయ్యి ఇప్పారు. లోపలియ్యి ఉంటాయి గదమ్మా?"

అన్నం తనే కలిపి పెడుతున్నాడట. తలకూడా తనే దువ్వుతున్నాడు. జడ మెడకి ఒక పక్కన మొదలై ఇంకో పక్కకి వంకర తిరిగి ఉంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "నువ్వు ఇంత ముద్దుగా చూసుకుంటే ఈ చెయ్యి జన్మలో లేవదు. విప్పు ముందు!" అని కేకలేశాను. అతను బిక్కమొహం వేసుకుని విప్పాడు.

కొత్తగా వచ్చినవాళ్లందరినీ నేనొక ప్రశ్న అడుగుతాను, చెయ్యి బాగైతే మొట్టమొదట ఏం చెయ్యాలని ఉంది అని. కొందరు బొత్తాలు పెట్టుకోవాలంటారు, కొందరు మనవణ్ణి ఎత్తుకోవాలంటారు. మార్తమ్మ నేల చూపులు చూస్తూనే, "పడవ లాగాలమ్మా" అంది.

వాళ్ల పల్లెకి బస్సు రోడ్డు కాలవకి అవతల ఉంది. వంతెన లేదు. ఈ గట్టునొక రాట, ఆ గట్టునొక రాట పాతి, మధ్యన లావుపాటి మోకుతాడు కట్టి ఉంటుంది. పడవలో నిలబడి ఆ మోకుని చేతి మీద చెయ్యి వేసుకుంటూ లాగితే పడవ అవతలికి పోతుంది. పొలాలకెళ్లే కూలీలు, సంతకెళ్లేవాళ్లు, కాన్పు నొప్పులొచ్చిన ఆడవాళ్లు, అందరూ ఆ పడవే ఎక్కాలి. దానికి జీతం లేదు. కోతలప్పుడు ఇంటికింతని ధాన్యం కొలుస్తారు. ఆ రేవు మార్తమ్మ తల్లిది. తల్లి పోయాక ఈమెకొచ్చింది. యేసోబుకి ఆయాసం, నాలుగు బారలు లాగేసరికి మోకు మీదే వాలిపోతాడు.

"ఎండల్లో కాలవ కట్టేత్తారు గదమ్మా, అప్పుడు అందరూ అడుగున నడిచిపోతారు, పడవతో పన్లేదు. మళ్లీ నీళ్లొదిలేసరికి నేను లాగకపోతే రేవు వేరేవాళ్లకి ఇచ్చేత్తామన్నారు పెద్దలు. వాళ్లని మాత్రం ఏమనగలం, జనం దాటాలి గదా" అంది.

కోపం లేదు, ఏడుపు లేదు. ఆ మాట అని కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఆసుపత్రి దొడ్డిలో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆమె వాటిని చూడటం లేదని తెలుస్తూనే ఉంది. కళ్లముందు వేరే ఏదో నెమ్మదిగా పారుతున్నట్టు, దానితోపాటే ఆమె చూపు కూడా కదులుతూ పోయింది. ఆ చూపు చూశాక, కాలవలు వదిలేలోగా ఈ చెయ్యి లేవాల్సిందే అని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

వారానికి రెండుసార్లు వచ్చేవారు. తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, చెయ్యి నేనే పట్టుకుని ఎత్తి దించేదాన్ని. దీన్ని పాసివ్ మూవ్‌మెంట్ అంటాం, రోగి కండరాలకి పని చెప్పకుండా కీలుని కదిలించడం. తరువాత ఆమె అంతట ఆమె ఎత్తడం, అది యాక్టివ్. పళ్లు బిగించి, కళ్లు మూసుకుని చేసేది. ఎండలు ముదిరేసరికి, పడుకుని ఉంటే ఆ చెయ్యి చెవిని తాకేటంత పైకి వచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

కానీ లేచి నిలబడితే మాత్రం కథ మొదటికొచ్చేది. గోడ ముందు నిలబెట్టి, వేళ్లతో గోడని పాకుతూ పైకి పోవాలి. వాల్ క్లైంబింగ్ అంటాం. భుజం ఎత్తుకి వచ్చేది, అక్కడ ఆగిపోయేది. నొప్పా అంటే కాదు. బలం లేదా అంటే ఉంది. మగవాళ్లున్నారని సిగ్గా అంటే, ఆ గదిలో పొద్దున పూట ఆడవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పుల్లీ తాడు ఇచ్చినా అంతే, భుజం దాకా వచ్చి చెయ్యి కిందికి దిగిపోయేది. బతిమాలాను, బెదిరించాను, యేసోబు చేత చెప్పించాను. "రావట్లేదమ్మా" అనేది, అంతే. పడుకుంటే లేచే చెయ్యి నిలబడితే ఎందుకు లేవదో నాకు అంతుపట్టలేదు. సర్జన్ గారిని అడిగితే ఆయనా తల గోక్కున్నారు.

ఒక రోజు చెయ్యి దించుకుంటూ ఆమే అంది: "కల్లో లాగుతానే ఉంటానమ్మా. రెండు చేతుల్తో. పడవలో ఎవరూ ఉండరు, అవతలి గట్టు కనపడదు, మంచు. మోకు మాత్రం చేతికి తగులుతా ఉంటది. ఎంత హాయిగా ఉంటదో! మెలకువొచ్చేసరికి ఈ చెయ్యి మంచానికేసి కొట్టినట్టు పడుంటది."

ఆ మాట నా చెవిలోంచి పోలేదు. నాకూ ఆ రాత్రి అలాంటి కలే వచ్చింది. నేను పడవలో కూర్చుని ఉన్నాను, నీళ్ల చప్పుడు లేదు, ఎవరో లాగుతున్నారు. పొద్దున్నే లేచి, ఆ ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఆమెకి ఆసుపత్రి గోడ కాదు, మోకు కావాలి అనిపించింది.

బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే ఎండకి దూరంగా అంతా అలలు అలలుగా కదులుతోంది. కాలవ మాత్రం ఎండిపోయి ఉంది. కాలవ అడుగుని అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. బురద పెంకులు పెంకులుగా పగిలి, మధ్య మధ్య నత్తగుల్లలు మెరుస్తున్నాయి. ఆ అడుగున, ఒక పక్కకి కాస్త ఒరిగి, మార్తమ్మ పడవ ఉంది. పగటి నిద్ర పోతున్నట్టుంది. దాని నీడలో ఒక మేక పడుకుని ఉంది.

నా ఆలోచన చెప్పగానే యేసోబు మేకని తోలేసి, పడవని సరిగ్గా నిలబెట్టి ఒరగకుండా రాళ్లు పెట్టాడు. అటూ ఇటూ కాలవ వాలులో గుంజలు పాతి, చేతికందే ఎత్తులో మోకు కట్టాడు. నేను పడవ ఎక్కి బల్ల మీద ప్రయాణికురాలిలా కూర్చున్నాను. మార్తమ్మ తన చోట నిలబడింది. కాలవ దాటుతున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆగి చూశారు.

"ఏందే మార్తా, ఏ ఊరెళ్తన్నావు?" అని ఒకామె అరిచింది.

"బందరు పోతన్నా, ఎక్కుతావా?" అంది మార్తమ్మ. అంతవరకూ ఆమె నోట హాస్యం నేను వినలేదు.

మోకు పట్టుకుంది. కుడి చెయ్యి ముందుకేసింది, లాగింది. ఎడమ చెయ్యి లేచింది. భుజం దాటింది!  పడవ కదలదని తెలుసు, నేల మీద ఉందని తెలుసు. అయినా ఆమె లాగుతుంటే గట్టు వెనక్కి పోతున్నట్టే అనిపించింది. కళ్లు మూసుకుంటే నీళ్ల వాసన కూడా వచ్చిందంటే నమ్ముతారా?

అప్పుడు ఆమె పైట జారింది. జారిందో లేదో, మార్తమ్మ మోకు వదిలేసింది. రెండు చేతులూ వదిలేసి పైట పట్టుకుని, గుండెలకి అదుముకుని, పడవలో కూలబడింది.

నాకు ఒక్కసారిగా బోధపడింది. మోకు లాగే ఆడది చెంగు నడుముకి బిగించి దోపుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు ఈమె కూడా అలాగే చేసేది. ఇప్పుడు బిగించి దోపుకుంటే గుడ్డ ఒంటికి అతుక్కుని, ఒక పక్క చదునుగా ఉన్న సంగతి ఊరంతటికీ కనపడుతుంది. అందుకని వదులుగా, దుప్పటిలా కప్పుకుని తిరుగుతోంది. వదులు పైట భుజం ఎత్తు దాకా నిలుస్తుంది, చెయ్యి పైకి లేస్తే జారుతుంది. బల్ల మీద పడుకున్నప్పుడు పైన దుప్పటి ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. అంతే సంగతి. నేను ఇన్నాళ్లూ కీలుని పట్టుకుని వేలాడుతున్నాను.

చూస్తున్న ఆడవాళ్లు మొహాలు తిప్పుకుని గట్టెక్కి వెళ్లిపోయాక, నేను పక్కన కూర్చున్నాను. "నీళ్లలో ఇట్లా వదిలేస్తే పడవ ఏమవుతుంది మార్తమ్మా?"

"కొట్టుకుపోద్ది" అంది మోకాళ్లలో మొహం పెట్టుకుని. "అందుకేనమ్మా నా భయం. పైట జారితే మోకు వదిలేత్తానని నాకు తెలుసు. పడవ నిండా జనం ఉంటారు. పిల్లలుంటారు."

"ఊళ్లో అందరికీ తెలిసిందేగా, ఆపరేషన్ అయిందని."

"తెలియడం వేరమ్మా, కనపడటం వేరు. నేనే చూసుకోలేదు."

"అంటే?"

"ఆపరేషనైన కాడ్నించి ఆ పక్క నేను చూసుకోలేదు. కట్టు విప్పినప్పుడు కళ్లు మూసుకున్నా. తానం రవికతోనే కాలవలో, లేదంటే చీకట్లో. ఆయన్ని చూడనివ్వలా. ఏముందో అక్కడ! గుంట పడి ఉంటది." ఆ మాట అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరికీ కనపడకుండా ఏడవడానికి ఎండిన కాలవ అడుగంత మంచి చోటు లేదు.

ఇప్పుడైతే కృత్రిమ రొమ్ములు దుకాణాల్లో దొరుకుతాయి. అప్పట్లో వాటి బొమ్మ నేను పుస్తకంలో చూశాను, అంతే. వాళ్లింట్లో కూర్చుని మేమే తయారుచేద్దామనుకున్నాం. రవిక లోపలి పక్క జేబు కుట్టాం. గుడ్డ సంచిలో బూరుగు దూది కూరి ఆ జేబులో పెట్టాం. చూపుకి బాగానే ఉంది గానీ, దూది తేలిక. చెయ్యి ఎత్తగానే సంచి కూడా మెడ దగ్గరికి ఎక్కి కూర్చునేది. బరువు కావాలి. అసలు బరువు ఒక పక్కే ఉండటంవల్ల ఆమె ఒళ్లు కూడా కుడివైపుకి ఒరుగుతోంది, నడుము నొప్పి మొదలైంది. ఇసక పోద్దామా అన్నాను. గరుకమ్మా అంది. ఆలోచించి, ఇంట్లోకి వెళ్లి, కొత్త పెసలు చేటలో తెచ్చింది.

"ఇయ్యి నున్నగుంటాయి. చల్లగా ఉంటాయి. అటూ ఇటూ కదుల్తా ఒంటి తీరుగా సర్దుకుంటాయి."

నిజంగానే ఎంత బాగా కుదిరిందో! పెసల సంచి జేబులో పెట్టుకుని, చెంగు నడుముకి బిగించి దోపుకుని, వీధిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి "కనపడతందా?" అని అడిగింది. యేసోబు దూరం నుంచీ, దగ్గర నుంచీ చూసి "అబ్బే, ఏం తెలవట్లా" అన్నాడు.  

ఆ తరువాత ఆసుపత్రి గోడ మీద ఆమె వేళ్లు ఎక్కడిదాకా పోయాయంటే, పైన సున్నం కూడా చెదిరింది. ఇక మిగిలింది సర్జన్ గారిని ఒప్పించడం. ఆయన ఒకటే పట్టు: "చంకలో గ్రంథులు తీసేశాం. ఆ చేత్తో బరువు లాగితే నీరు దిగక లింఫెడిమా వస్తుంది. చెయ్యి స్తంభంలా వాస్తుంది. అప్పుడు ఎవరిది పూచీ?" ఆయన మాట కొట్టేసేది కాదు. నేనూ మార్తమ్మా ఎండిన కాలవలో మళ్లీ కూర్చుని ఒక పద్ధతి ఆలోచించాం. ఎడమ చెయ్యి మోకుని పట్టి నిలపాలి, లాగకూడదు. లాగేది కుడి చెయ్యీ, నడుమూ. మోకు పట్టుకుని పడవలో ఒక అడుగు వెనక్కి వేస్తే ఒంటి బరువే పడవని ముందుకి తోస్తుంది. ప్రతి రాత్రీ చేతిని దిండు మీద ఎత్తిపెట్టి పడుకోవాలి. వాపు కనపడితే ఆ రోజు యేసోబు లాగాలి, ఎంత ఆయాసమొచ్చినా సరే. ఇదంతా వివరించాక సర్జన్ గారు గోడ మీద చెదిరిన సున్నం వంక చూసి, "సరే, లాగమనండి" అన్నారు.

కాలవలు వదిలారు. నీళ్లు వచ్చే తీరు మీరెప్పుడైనా చూశారో లేదో. ఉరుకులు పరుగులుగా రావు. ఎర్రటి నాలుకలాగా మెల్లగా, ఎండుటాకుల్నీ దుమ్మునీ ముందుకి నెట్టుకుంటూ, పగుళ్లలో ఆగి తాగి మళ్లీ కదులుతూ వస్తాయి. గట్టు మీద జనం వాటితో సమానంగా నడుస్తారు. నేను ముందు రోజే కాలవ అడుగున దాటి వాళ్లింటికి చేరాను, తెల్లారేసరికి కాలవ నిండింది. మబ్బు పట్టి ఉంది. నిన్న మొన్నటి దాకా నేల మీద ఉన్న పడవ నీళ్ల మీద ఊగుతుంటే, ముందున్నది కలా ఇదా అని నాకే అనుమానం వచ్చింది.

మొదటి దాటింపుకి పడవ నిండింది. నాట్లకెళ్లే ఆడవాళ్లు, చంటిపిల్లతో ఒక తల్లి, బస్తా నెత్తిన పెట్టుకున్న ఒకాయన, ఇంకో ఇద్దరు మగవాళ్లు, నేను. ఊరి వైపు గట్టు మీద పెద్ద ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చూడటానికి నిలబడ్డాడో అందరికీ తెలుసు. యేసోబు రాట పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు, ప్రార్థన చేస్తున్నాడనుకుంటాను. మార్తమ్మ చెంగు బిగించి దోపుకుని మోకు పట్టింది.

కాలవ నడిమికి వచ్చేసరికి వాన అందుకుంది. జల్లు కాదు, కుండలతో గుమ్మరించినట్టు. క్షణంలో అందరం తడిసి ముద్దయ్యాం. మార్తమ్మ ఎడమ చెయ్యి పైన ఉంది. పెసల సంచి నీళ్లు పీల్చుకుని బరువెక్కింది కాబోలు, జేబు కుట్టు తెగింది. సంచి సర్రున జారి నడుము దగ్గర చెంగు మడతలో పడింది. తడిసిన చీర ఒంటికి అతుక్కుని ఉంది. పైన చదునుగా, కింద బొడ్డు దగ్గర ఎత్తుగా, ఏ దాపరికమూ లేకుండా కనపడుతోంది.

ఆమె నావంక చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఎండిన కాలవలో మోకు వదిలేసిన మనిషే. కింద నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి, ఆ పక్కన చంటిపిల్ల ఏడుస్తోంది. ఆమె వేళ్లు ఒకసారి వదులై, మళ్లీ బిగుసుకున్నాయి. 

పడవ మధ్యలోంచి ఒక ముసలామె గట్టిగా అంది: "ఏమే మార్తా! సరుకు జారితే జారింది, ఒడ్డెక్కాక సర్దుకుందువు గానీ, ముందు లాగవే తల్లీ, తడిసి చస్తన్నాం!"

ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు. మగవాళ్లు ముగ్గురూ ఏదో కొంగ కనపడినట్టు నీళ్లవైపు తిరిగిపోయారు. మార్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వుతూనే ఒక అడుగు వెనక్కేసి లాగింది, మళ్లీ చెయ్యి మార్చింది, మళ్లీ లాగింది. పడవ ఒడ్డుకి తగిలేదాకా మోకు వదల్లేదు. మేమొదిలి వచ్చిన గట్టు మీది పెద్దాయన తలాడించి ఇంటికి వెళ్లిపోయాడు. రేవు దక్కింది.

కేసు అక్కడితో అయిపోయిందనుకున్నాను. మూడో రోజు పొద్దున నేను ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి మార్తమ్మా యేసోబూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మళ్లీ వచ్చిందమ్మా" అంది.

 ఆ జబ్బు తిరగబెట్టడం కొత్త కాదు, గాయం మచ్చ మీదే మళ్లీ గడ్డలు లేవడం నేను చూశాను. కానీ ఇంత త్వరగానా? రేవు దక్కిన మూడో రోజునా? తెర వెనక్కి తీసుకెళ్లాను.

"నిన్న సాయంత్రం నించి ఆ పక్క ఉబ్బింది. బిగిసిపోయింది. రాత్రి ముళ్లల్లే గుచ్చుకోడం మొదలెట్టింది. వాసన కూడా వత్తందమ్మా." కళ్లు గట్టిగా మూసుకుంది. "మీరే చూడండి. నేను చూళ్లేను."

"సంచి ఎక్కడుంది?"

"దాని చోటే ఉంది. ఆ రోజే కుట్టుకున్నా. జేబున్న రవిక ఇదొక్కటేగా, ఒంటి మీదే ఆరబెట్టుకున్నా. ఇడిస్తే చదునుగా కనపడుద్దని ఇప్పలేదు. రోజూ దీంతోనే కాలవలో మునిగా."

రవిక ముడి విప్పాను.  జేబు నిండా సంచి ఉబ్బి, రాయిలా బిగుసుకుని ఉంది. కుట్లు ఎక్కడికక్కడ విచ్చుకున్నాయి. ఆ సందుల్లోంచి, గుడ్డ నేతలోంచి కూడా, తెల్లగా సన్నగా మొలకలు బయటికొచ్చి ఉన్నాయి.

ఒక గింజ తీసి ఆమె అరచేతిలో పెట్టాను. "కళ్లు తెరువు మార్తమ్మా. ఇదే నీకు మళ్లీ వచ్చింది."

చూసింది. అర్థం కాలేదు. మళ్లీ చూసింది. పెసలు నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి పెడితే ఏమవుతాయో ఆమెకి ఒకరు చెప్పాలా! "ఓరి దేవుడా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. బల్ల పట్టుకుని, కళ్లల్లో నీళ్లు కారేదాకా, ఊపిరాడనంతగా నవ్వాం. ఆ శబ్దం యేసోబుకి ఏడుపులా వినిపించిందట. తెర అవతల నుంచి "ఏమైందే? ఏమైందమ్మా?" అంటున్నాడు.

"ఏం లేదయ్యా! పంట పండింది!" అని అరిచింది మార్తమ్మ.

ఆ నవ్వులో ఆమెకి ఒంటి మీద బట్ట లేని సంగతి గుర్తు లేదు. సంచిని పక్కన పెట్టబోతూ తల వంచింది. అప్పుడు కనపడింది. నవ్వు ఆగిపోయింది. నేను దుప్పటి కోసం చెయ్యి చాచాను, చాచి వెనక్కి తీసుకున్నాను. ఆమె చాలాసేపు అలా తల వంచుకునే ఉంది. తరువాత కుడిచేతి వేలితో చంక దగ్గర నుంచి మెల్లగా ఆ మచ్చ వెంట వచ్చింది.

"ఇదేనా అమ్మా?"

"ఇదే."

"ఇంతేనా!" అంది. "గుంట లేదే. చర్మమేగా. గీత గీసినట్టుంది." ఇంకాసేపు చూసుకుని, "దీనికా నేను ఇన్నాళ్లు..." అని ఆపేసింది.

లేచి రవిక తొడుక్కుంది. జేబులో దూది పెట్టనా అన్నాను. వద్దంది. రేవులో జనం కాసుకుని ఉంటారు, బస్సు దొరకదు అంది. మొలకలు ఏం చేద్దామంటే కోళ్లకి పోత్తానని మూట కట్టుకుంది. చెంగు లాగి, ఎప్పటికన్నా బిగించి నడుముకి దోపుకుంది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా, ఉన్నది ఉన్నట్టుగా తెర తీసుకుని బయటికి నడిచింది. అప్పటికే మగవాళ్ల వేళ అయింది, మగ రోగులు నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నుంచే వెళ్లింది. యేసోబు మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, తనే అతని చెయ్యి పట్టుకుంది.

ఆ తరువాత చాలా ఏళ్లు ఆ రేవు ఆమే నడిపింది. పెసల సంచి కుడతానంటే, పండగలకీ పెళ్లిళ్లకీ చాలమ్మా అనేది. ఆమె తరువాత నా దగ్గరికి ఆ ఆపరేషన్ అయినవాళ్లు ఎందరో వచ్చారు. కాలేజీలో నాకు నేర్పిన వరస ఏమిటంటే, మొదట కీలు కొలవాలి, తరువాత కదిలించాలి, తరువాత బలం తెప్పించాలి. నేను ఆ వరస మార్చుకున్నాను. మార్తమ్మ మొలకల మూటతో వెళ్లిన ఆ వారమే నా జీతంతో ఒక అద్దం కొని తెర వెనక గోడకి కొట్టించాను. కొత్తగా వచ్చినామెని దాని ముందు నిలబెట్టి, చెయ్యి ముట్టుకోకుండా పక్కన నిలబడతాను. కొందరు వచ్చిన రోజే చూసుకుంటారు. కొందరికి నెలలు పడుతుంది. తొందర పెట్టను. వాళ్లు తల వంచి చూసుకుని "ఇంతేనా" అన్న రోజున, ఇక ఆ చెయ్యి నేను ఎత్తక్కర్లేదు, అదే లేస్తుంది.